గుండు, బద్ద, ముక్క

పలాసలో సాయంత్రం ఆరయ్యేసరికి
ఊరంతా కాలిన జీడితొక్కల వాసన.
పని నుంచి వచ్చి చేతులు తోముకుంటాను.
బూడిద, చింతపండు, సబ్బు, మళ్లీ బూడిద.
వేళ్లు మాత్రం నల్లగానే.
ఊళ్లోవాళ్లకి అది జీడి మరక.
నాలుగేళ్ల మా ఢిల్లేశ్వరికి అదో వంక.

"నల్లసెయ్యి. నానొల్ల."

సరే అని చెంచా తెస్తే
ఇనప రుచంది.
నాయనమ్మ పెట్టబోతే
ఆ చేతిది చుట్ట కంపంది.
చందమామని పిలిచాను.
"ఆకలేస్తే ఆయన్నే తినమను" అని
వెళ్లి తలుపేసేసింది.

పట్టాల దగ్గరికి ఎత్తుకెళ్లాను ఒకరోజు.
పెట్టెకొక ముద్ద అని ఒప్పందం.
గూడ్సుబండి, యాభై ఎనిమిది పెట్టెలు.
తిన్నది రెండు ముద్దలు.
కాశీబుగ్గ దాటి ఇంటికొచ్చాం,
రెండో ముద్ద ఆ బుగ్గ దాటలేదు.

మొన్న అంగన్‌వాడీలో తూచారు.
పన్నెండు కిలోలు కూడా లేదు.
కార్డులో చుక్క ఆకుపచ్చలోంచి పసుపులోకి జారింది.
"ఏం తింటుందమ్మా?" అని మాధవీలత టీచరు అడిగితే
నోట మాట రాలేదు.
ఏం తినదో అడిగితే పొద్దుపోయేదాకా చెబుదును:
ఆనపకాయలో గింజలున్నాయట,
నెత్తళ్లకి కళ్లున్నాయట, తననే చూస్తున్నాయట,
గుడ్డులోది సూర్యుడట, నాలిక కాలుతుందట.

ఇన్ని కిలోల పిక్క కొడితే ఇంత కూలి,
అది తెలుసు నాకు.
ఇన్ని ముద్దలు పెడితే ఇంత పిల్ల అని
ఎవరూ రాసివ్వరు.

నిన్న చెయ్యి లేచింది.
కొట్టలేదు. నల్లగా గాల్లో ఆగిపోయింది.
పిల్ల చూసింది, ఏడవలేదు,
పెదాలు ఇంకా గట్టిగా బిగించింది
పచ్చి పిక్కలాగ.
కత్తి లేకుండా పిక్క విప్పడం
పదకొండేళ్ల పనిలో నాకెవరూ నేర్పలేదు.

ఇవాళ ఓపిక లేదు.
నా కంచంలోనే పప్పన్నం కలిపి
చెయ్యి అలవాటు కొద్దీ
ముద్దలు వరస పెట్టుకుంటూ పోయాను.
పగలనిది గుండు. విడిపోయింది బద్ద.
అంచు రాలింది ముక్క.
పిల్లని పిలవలేదు.

కాసేపటికి మోకాలి పక్కన ఊపిరి.
"ఏటిది?"
"గుండు. డబ్బాలో బొంబాయి ఎల్తాది."
ఆలోచించింది.
"బొంబాయికొద్దు. ఢిల్లీకంపు."
అని నోరు తెరిచింది మా ఢిల్లి.

నల్లవేళ్ల సంగతి మరిచిపోయిందో,
పనిలో ఉన్న చేతికి రంగు కనబడదో,
నేనడగలేదు. అడిగి చెడగొట్టుకుంటానా?

బద్ద వస్తే అటూ ఇటూ తిప్పి చూసి
వెనక్కిచ్చేసింది.
మా సూపర్‌వైజరు కూడా అంత మొహం పెట్టడు.
చెయ్యి తడి చేసుకుని మళ్లీ చుట్టాను,
మళ్లీ, ఇంకా గుండ్రంగా.
ఐదు గుండ్లు. ఆరోది సగం.

చివర్న విరిగిన ముద్దొకటి మిగిలింది.
చిన్న వేళ్లతో దాన్ని ఏరి
"ముక్క. ఇది నీకు" అని
నా నోట్లో పెట్టింది.
గుండంతా బొంబాయి పోతే
మా ఇంటికొచ్చేది ఎప్పుడూ ముక్కే.
నమిలాను.
పొద్దుటి నుంచి నేనూ తినలేదని
అప్పుడు గుర్తొచ్చింది.

రేపు ఈ ఆట పారకపోవచ్చు.
గుండుకీ కళ్లు మొలవొచ్చు.
ఇవాళ్టికి బుగ్గ ఖాళీ, కంచం ఖాళీ.

పెరట్లో మా అత్త
అడ్డచుట్ట ఆర్పి గట్టు మీద పెట్టి
చేతులు రుద్ది రుద్ది కడుక్కుంటోంది,
రేపు తన వంతని.